ఎంపిక పెట్టెలో ఎన్ని చీరలు?

మంగళగిరిలో చేనేత బట్టల దుకాణం నడిపే పెద్దాయనకూ, ఆ దుకాణానికి ఊకామర్స్ అనే ఆన్‌లైన్ దుకాణపు సాఫ్ట్‌వేర్‌తో సైటు కడుతున్న ఆయన తమ్ముడి కూతురికీ మధ్య వాదన ఇది. తగువు చూడ్డానికి చిన్నదే: సైటులోకి చీరను ఎలా ఎక్కించాలి? ఆన్‌లైన్‌లో అమ్మబోయే ఏ దుకాణదారైనా దీన్ని దాటుకుని వెళ్లలేడు.

పెదనాన్న: అమ్మాయ్, ఒక్క నూలుచీర పేజీలో పద్నాలుగు రంగులు, మూడు అంచులు పెట్టావు. హైదరాబాద్ నుంచి ఒకావిడ వంగపండు రంగుకి టెంపుల్ అంచుది పంపమంటోంది. డబ్బు కూడా కట్టేసింది. అలాంటి చీర మన మగ్గాల మీద ఎప్పుడూ దిగలేదే! ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మన వ్యాపారం.

అమ్మాయి: రంగు, అంచు అని రెండు అట్రిబ్యూట్లు ఇచ్చి వేరియేషన్లు తయారుచెయ్యమంటే సైటు గుణకారం చేస్తుంది పెదనాన్నా. పద్నాలుగు మూళ్లు నలభై రెండు. వాటిలో మన దగ్గరున్నవి పదకొండేనని దానికెలా తెలుస్తుంది? ధర వెయ్యని వరస కొనేవాళ్లకు కనిపించదు. నలభై రెండింటికీ ఒక్క దెబ్బలో ధర వేస్తే నలభై రెండూ అమ్మకానికి వచ్చేస్తాయి. ఉన్న పదకొండు ఉంచి మిగతావి తీసేస్తే సరి.

పెదనాన్న: సరి కాదు. అసలీ పద్ధతే చేనేతకు నప్పదంటాను. మిల్లు బట్టయితే ఒకే రంగు వెయ్యి చీరలు దిగుతాయి, ఎన్ని వరసలైనా పెట్టుకో. మన దగ్గర ఏ చీరకా చీరే. బీరువాలో ఎన్ని చీరలుంటే సైటులో అన్ని పేజీలు పెట్టు. అమ్ముడుపోయిన పేజీ తీసెయ్.

అమ్మాయి: అలా చేస్తే ఒకే నమూనా చీర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అంటూ ఇరవై పేజీలవుతుంది. ఫోన్‌లో చూసేవాళ్లు అరచెయ్యంత తెర మీద ఎంతసేపు జరుపుతారు? పైగా చీర అమ్ముడుపోగానే ఆ పేజీ చచ్చిపోతుంది. దాని కింద ఎవరైనా నాలుగు మంచి ముక్కలు రాసి ఉంటే అవీ పోతాయి. అక్కాచెల్లెళ్లు వాట్సాప్‌లో పంపుకున్న లింకు ఖాళీ పేజీకి పోతుంది. ఒకే పేజీ ఏళ్ల తరబడి నిలిస్తే రివ్యూలన్నీ అక్కడే పోగుపడతాయి, కొత్తగా వచ్చినవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

పెదనాన్న: నమ్మకం మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా విను. ఒక పడుగు మీద కొన్ని చీరలు దిగుతాయి, వాటి రంగు ఒకటే. మళ్లీ నూలు అద్దకానికి పంపి ఇంకో పడుగు వేస్తే అదే నెమలికంఠం ఒక పిసరు నీలానికో పచ్చకో తిరుగుతుంది. నువ్వేమో మొదటి పడుగు చీరకు ఫోటో తీసి పెట్టావు. మూడో పడుగు చీర అందుకున్నావిడ ఫోటో చూపించి అడిగితే ఏం చెబుతావు?

అమ్మాయి: ఆ లెక్కన ఒక పడుగు మీద దిగిన చీరలన్నీ ఒక్క వరస కింద పెట్టొచ్చని మీరే ఒప్పుకున్నట్టేగా! నెమలికంఠం, నిజాం అంచు, నిల్వ ఆరు. ఆరూ అయిపోతే ఆ వరస నిల్వ లేదని చూపిస్తుంది. కొత్త పడుగు దిగి ఛాయ కళ్లకు తెలిసేంత మారితే కొత్త ఫోటోతో కొత్త వరస వేస్తాను. మారకపోతే నిల్వ అంకె పెంచుతాను. ఎంపిక పెట్టెలో ఒక వరస పెట్టామంటే, ఫోటోలో చూసిందే పంపుతామని మాటిచ్చినట్టు. ఆ మాట నిలబెట్టుకోగలిగినంత మేరకే వేరియేషన్.

పెదనాన్న: మరి మొన్న పండక్కి నేయించిన పట్టు-నూలు చీరలు? ఒక్కోదాని కొంగు ఒక్కో రకం. ఏ రెండూ కలవవు.

అమ్మాయి: వాటికి మాత్రం మీ మాటే నెగ్గింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఊకామర్స్‌లో మామూలుగా ఒక్కో వేరియేషన్‌కు ఒక్క ఫోటోనే పెట్టనిస్తారు, ఎక్కువ కావాలంటే వేరే ప్లగిన్, అంటే సైటుకు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్, వేసుకోవాలి. కొంగు, అంచు, ఒంటి నేత, బ్లౌజు ముక్క అన్నీ చూడకుండా అంత ఖరీదు పెట్టి ఎవరు కొంటారు? ఇలాంటి చీరను విడి సరుకుగా ఎక్కించి, నిల్వ ఒకటి అని వేసి, కావలసినన్ని ఫోటోలు పెట్టాలి.

పెదనాన్న: ఇంకోటి. మన చీర కొనాలంటే 'పొడవు' అని ఒక పెట్టె తెరవాలి. తెరిస్తే అందులో 5.5 మీటర్లు అని ఒక్కటే ఉంటుంది. అది ఎంచుకుంటేగాని బండిలో వెయ్యనివ్వదు. ఉన్నదే ఒక్కటైనప్పుడు మళ్లీ ఎంచుకోవడమేంటి? దుకాణానికి వచ్చినావిడను, అమ్మా ఐదున్నర మీటర్లది కావాలా, ఐదున్నర మీటర్లదే కావాలా అని అడుగుతామా?

అమ్మాయి: అట్రిబ్యూట్ పక్కన రెండు టిక్కులుంటాయి. ఒకటి, సరుకు పేజీలో చూపించు అని. రెండోది, వేరియేషన్లకు వాడు అని. పొడవుకు మొదటి టిక్కు చాలు. అప్పుడది చీర వివరాల పట్టికలో కూర్చుంటుంది, పెట్టెగా మారదు. చీర 5.5 మీటర్లు, బ్లౌజు ముక్క 0.8 మీటరు, నూలు 80 కౌంటు, గుంటమగ్గం నేత, హ్యాండ్లూమ్ మార్క్ ఉందా లేదా, ఇవన్నీ ఆ పట్టికవే. కొనేవాళ్లు తెలుసుకోవాలి, ఎంచుకోవాల్సిన పని లేదు. చాలా సైట్లు రెండో టిక్కు అన్నిటికీ పెట్టి గందరగోళం తెచ్చుకుంటాయి.

పెదనాన్న: అయితే ఫాల్, పీకో? ఆడవాళ్లు అడిగేది అదే మొదట. కుట్టించి పంపితే నూట యాభై ఎక్కువ. అది వాళ్లు ఎంచుకునేదే కదా. నీ లెక్క ప్రకారం వేరియేషన్ అవ్వాలి.

అమ్మాయి: ఎంచుకునేదే గాని దాన్ని వేరియేషన్ చేస్తే మీ నిల్వ లెక్క చిరిగిపోతుంది. ఆరు నెమలికంఠం చీరలున్నాయి. 'ఫాల్‌తో' ఒక వరస, 'ఫాల్ లేకుండా' ఒక వరస పెడితే, ఏ వరసకు ఎన్ని రాస్తారు? మూడూ మూడూ అంటే, ఫాల్‌తో మూడు అమ్ముడయ్యాక నాలుగో ఆవిడకు నిల్వ లేదని చెబుతుంది, బీరువాలో మూడు ఉండగానే. రెండింటికీ ఆరేసి రాస్తే లేని చీరలు ఆరు అమ్ముతాం.

పెదనాన్న: నిల్వ మొత్తం సరుకుకు కలిపి రాసుకోవచ్చు కదా?

అమ్మాయి: రాసుకోవచ్చు, పేజీలో ఒక్క రంగే ఉంటే. వరసలు పదకొండు ఉన్నప్పుడు నిల్వ కలిపి రాస్తే ఎరుపు ఎన్ని, నెమలికంఠం ఎన్ని అన్నది కలిసిపోతుంది. రంగుకు విడిగా, ఫాల్‌కు ఉమ్మడిగా లెక్క పెట్టమంటే ఊకామర్స్‌కు తనంతట తనకు చేతకాదు. ఫాల్, పీకో, బ్లౌజు కుట్టడం, గిఫ్టు ప్యాకింగ్ ఇవేవీ చీరలో రకాలు కావు, చీర మీద మనం చేసిపెట్టే పనులు. వీటిని అదనపు సేవగా పెట్టాలి. దానికి విడిగా ప్లగిన్లు ఉన్నాయి. కొనేవాళ్లు టిక్కు పెడితే బిల్లులో నూట యాభై కలుస్తుంది, నిల్వ జోలికి పోదు.

పెదనాన్న: ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది. సరే, రంగుల సంగతికి రా. కొనేవాళ్లు పక్కన వెతికే జాబితాలో నీలం నొక్కితే ఎర్రచీర బొమ్మ వస్తోంది. అది చూసి తప్పు చోటికొచ్చామని వెళ్లిపోరూ?

అమ్మాయి: పేజీలో నీలం వరస ఉంది కాబట్టి వెతుకులాటలో ఆ పేజీ వస్తుంది. కానీ పైన కనిపించేది పేజీకి పెట్టిన మొదటి ఫోటో.

పెదనాన్న: అందుకే రంగుకో పేజీ అంటున్నా.

అమ్మాయి: అక్కర్లేదు. మీరు కౌంటర్ మీద రంగులన్నీ మడతలు పేర్చి చూపిస్తారు చూడండి, ఆ దొంతర ఫోటోనే పేజీకి మొదటి బొమ్మగా పెడదాం. నీలం వెతికినవాళ్లకు ఆ దొంతరలో నీలం మడత కూడా కనిపిస్తుంది. రంగు ఎంచుకోగానే ఆ చీర ఫోటో తెరుచుకుంటుంది. దొంతరలో పట్టనన్ని రంగులుంటే అప్పుడు పేజీని రెండు చేద్దాం. ముప్పై వరసలు దాటితే ఇంకో చిక్కు కూడా ఉంది. అంతవరకూ లేని కలయికలను సైటు ముందే మసకబారుస్తుంది. ముప్పై దాటాక అన్నీ ఎంచుకున్న తర్వాతగాని ఆ కలయిక లేదని చెప్పదు.

పెదనాన్న: రంగుల పేర్లు చూశావా? ఒకచోట నీలం, ఒకచోట బ్లూ, ఇంకోచోట నేవీ బ్లూ. పక్కన వెతికే జాబితాలో ఒకే రంగు మూడుసార్లు పడింది. కుర్రాడు ఎక్కించినప్పుడు వాడికి తోచింది కొట్టాడు.

అమ్మాయి: ఏ సరుకుకు ఆ సరుకు దగ్గర కొత్త పేరు కొడితే అలాగే అవుతుంది. సైటు మొత్తానికి ఒకేచోట రంగు అనే అట్రిబ్యూట్ పెట్టి, దాని కింద పేర్లన్నీ ఒకేసారి రాసుకోవాలి. ఆ తర్వాత ఎవరు ఎక్కించినా ఆ జాబితాలోంచే ఎంచుకోవాలి, కొత్త పేరు కొట్టొద్దని చెప్పాలి. పన్నెండు పేర్లు చాలు.

పెదనాన్న: పన్నెండా! చిలకపచ్చ, మామిడిపచ్చ, రామా గ్రీన్ అన్నీ కలిపి ఆకుపచ్చ అని రాస్తావా? మనవాళ్లు చీర కొనేది రంగు పేరు చెప్పి. ఉల్లిపొర రంగు కావాలన్నావిడకు గులాబీ చూపిస్తే కౌంటర్ దిగి వెళ్లిపోతుంది. కనకాంబరం వేరు, నారింజ వేరు. నీ సైటు కోసం నా రంగులు తగ్గించుకోను.

అమ్మాయి: తగ్గించక్కర్లేదు. రెండు అట్రిబ్యూట్లు పెడదాం. 'రంగు వర్గం' అని పన్నెండు పేర్లతో ఒకటి, వెతకడానికి మాత్రమే. 'రంగు' అని మీ పేర్లతో ఇంకొకటి, ఎంచుకోవడానికి. రామా గ్రీన్ చీర పచ్చ కింద దొరుకుతుంది, పెట్టెలో రామా గ్రీన్ అనే కనిపిస్తుంది. పైకి కనిపించే పేర్లు తెలుగులో పెట్టుకున్నా, లోపల సైటు వాడుకునే స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంచుదాం. అట్రిబ్యూట్ స్లగ్‌కు 28 అక్షరాల కట్టడి ఉంది. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు కంప్యూటర్ లెక్కలో మూడేసి బైట్లు తింటుంది, తొందరగా నిండిపోతుంది.

పెదనాన్న: పేర్లు నేను రాసిస్తాను, నీ కుర్రాడికి వదలను. ఇప్పుడు ధర సంగతి చెప్పు. చీర కింద 1,800 నుంచి 6,400 వరకు అని ఉంది. పద్దెనిమిది వందలనుకుని లోపలికొచ్చినావిడ, తనకు నచ్చింది ఆరువేల నాలుగు వందలని తెలిసి ఏమనుకుంటుంది? చూపించేదొకటి, అమ్మేదొకటి అనుకోదూ?

అమ్మాయి: నూలు, పట్టు-నూలు రెండూ 'బట్ట' అనే అట్రిబ్యూట్ కింద వేరియేషన్లుగా పెట్టడం వల్ల వచ్చిన తంటా అది. ఒక పేజీలో తక్కువ ధర, ఎక్కువ ధర రెండూ కలిపి ఊకామర్స్ అలాగే చూపిస్తుంది. ధర మరీ దూరమైతే అవి ఒక సరుకులో రకాలు కావు, రెండు సరుకులు. రెండు పేజీలు చేద్దాం. షాపిఫై అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒక సరుకుకు మూడు రకాల ఎంపికల కంటే ఎక్కువ పెట్టనివ్వరు. ఊకామర్స్‌లో ఆ కట్టడి లేదు కాబట్టి మనమే చేతులు కట్టుకోవాలి.

పెదనాన్న: ఇప్పటిదాకా అన్నిట్లో నా వైపే మొగ్గావు. ఇంక వేరియేషన్ ఎందుకు, తీసేద్దామా?

అమ్మాయి: కుర్తాల దగ్గరకు రండి, అక్కడ మీ 'ఒక్కోదానికి ఒక్కో పేజీ' ఒక్క రోజు కూడా నిలవదు. ఒకే కుర్తా, 36 నుంచి 44 దాకా ఐదు సైజులు. నేత ఒకటే, రంగు ఒకటే, కుట్టు ఒకటే. వీటికి ఐదు పేజీలు పెడితే నవ్వుతారు. సైజు కోసమే వేరియేషన్ పుట్టినట్టు ఉంటుంది: కొనేవాళ్లు తప్పకుండా ఎంచుకోవాలి, నిల్వ సైజువారీగా తగ్గాలి, అయిపోతే మళ్లీ అదే కుట్టించగలం. సైజులు మాత్రం ఛాతీ కొలత అంగుళాల్లో రాద్దాం. డాలస్‌లో ఉన్న మనవాళ్లు కొనే ఎం సైజు, ఇక్కడ మన దర్జీ ఎం సైజు ఒకటి కావు. అంకెలు వేస్తే ఇంకో లాభం, అట్రిబ్యూట్ వరస అంకెల ప్రకారం అమర్చమంటే 36, 38, 40 అని సవ్యంగా వస్తాయి. అక్షరాలు పెట్టి పేరు ప్రకారం అమర్చమంటే పెద్ద సైజు ముందొచ్చి చిన్నది వెనక్కి పోతుంది.

పెదనాన్న: 44కి బట్ట ఎక్కువ పడుతుంది, ధర ఎక్కువ వెయ్యాలి.

అమ్మాయి: వెయ్యొచ్చు, ఒక్కో వేరియేషన్‌కు ధర వేరు పెట్టుకోవచ్చు. కానీ పన్ను చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు, ఒక్కోదాని విలువ 2,500 రూపాయల దాకా 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం. 40 సైజు పట్టు-నూలు కుర్తా 2,450 అనుకోండి, పన్ను 122 రూపాయల 50 పైసలు. 44 సైజు 2,600 పెట్టారనుకోండి, పన్ను 468. ఒకే పేజీలో ఒకే కుర్తాకు రెండు పన్నులు. ఊకామర్స్‌లో వేరియేషన్‌కు విడిగా పన్ను తరగతి పెట్టే వీలుంది. పెట్టకపోతే పై సరుకు పన్నే దానికీ అంటుకుంటుంది, లెక్క తప్పుతుంది, ఆడిటరు మన మీద పడతాడు.

పెదనాన్న: ఆగాగు. 2,600కి పన్నుతో 3,068. అదే 2,500 పెడితే పన్నుతో 2,625. నేను వంద వదులుకుంటే కొనేవాడికి 443 మిగులుతుంది. 44ని 2,500కే పెట్టు. పన్ను తరగతి గొడవే లేదు, కుర్తాలూ కదులుతాయి.

అమ్మాయి: ఇది నాకు తట్టలేదు. సాఫ్ట్‌వేర్ దారి చూపిస్తుందేగాని బేరం మీరే చెయ్యాలి.

పెదనాన్న: తానుల సంగతి కూడా బేరంలాగే చూడాలి. మీటరు బట్టకు ఒక మీటరు, రెండు మీటర్లు, రెండున్నర అని వేరియేషన్లు పెట్టావు. తాను ఒక్కటే, కోత వేరు. ఫాల్ దగ్గర చెప్పిన చిక్కే కదా ఇదీ?

అమ్మాయి: అచ్చంగా అదే. అందుకే వేరియేషన్లు తీసేసి, అర మీటరును ఒక లెక్కగా అమ్ముదాం. ధర అర మీటరుకు అని పెద్ద అక్షరాల్లో రాసి, పరిమాణం ఐదు కొడితే రెండున్నర మీటర్లు. ఊకామర్స్ మామూలుగా పూర్తి అంకెలే తీసుకుంటుంది కాబట్టి ఇదే తేలిక.

పెదనాన్న: అందులో ఇంకో గోతి ఉంది. తానులో మూడు మీటర్లు నిల్వ అంటుంది నీ సైటు. బీరువాలో చూస్తే ఒకటిన్నర మీటరు ముక్కలు రెండు. మూడు మీటర్లు ఏకంగా కొన్నావిడకు రెండు ముక్కలు పంపితే మొహాన కొడుతుంది.

అమ్మాయి: తాను రెండు మీటర్ల లోపుకు వచ్చిందంటే దాన్ని అసలు నిల్వలోంచి తీసేసి, కట్ పీస్‌గా పొడవు రాసి విడి సరుకు చేద్దాం. అది మీ పద్ధతే.

పెదనాన్న: ఇన్ని చెప్పాక అసలు రోగం మిగిలే ఉంది. కౌంటర్లో నేను అమ్మిన చీర అదే సాయంత్రం సైటులోనూ అమ్ముడవుతోంది. ఎన్ని పెట్టెలు సర్దినా ఇది ఆగలేదు.

అమ్మాయి: చీర మీద మీ ట్యాగు కోడు ఒకటి, సైటులో సరుకు కోడు (ఎస్‌కేయూ) ఇంకొకటి అయినంతకాలం ఆగదు. ప్రతి వేరియేషన్‌కూ, ప్రతి విడి చీరకూ ట్యాగు మీద ఉన్న కోడే సైటులో వెయ్యాలి. ఒకే కోడు రెండు సరుకులకు వేస్తే ఊకామర్స్ ఒప్పుకోదు కాబట్టి తప్పు అక్కడే బయటపడుతుంది. కోడులో ధర ఇరికించకండి, ధర మారితే కోడు అబద్ధమవుతుంది. బిల్లు కొట్టే కుర్రాడు అదే కోడుతో సైటు నిల్వ కూడా తగ్గించాలి. ఒంటి చీరలకు ఇది మరీ ముఖ్యం, రెండోది ఉండదు కాబట్టి.

పెదనాన్న: అయితే నా వాదన ఇది. చేతిలో ఉన్నదే సైటులో ఉండాలి, దాన్ని మించి ఒక్క వరస కూడా వద్దు. ఇది ఒప్పుకుంటే నీ పెట్టెలతో నాకు పేచీ లేదు.

అమ్మాయి: నా వాదన కూడా చెప్పేస్తాను. చేతిలో ఒకే రకం పది ఉంటే పది పేజీలు పెట్టి కొనేవాళ్లను తిప్పొద్దు. ఇది మీరు ఒప్పుకుంటే మీ ఒంటి చీరల పేజీల మీద నాకు పేచీ లేదు.

ఇద్దరి వాదనా ఒకచోట కలిసిందిగాని, ఒకరు ఓడి ఇంకొకరు గెలవలేదు. సైటు కట్టబోయే దుకాణదారు ముందు కంప్యూటరు తెరవకుండా బీరువా తెరవాలి. నాలుగు రకాల సరుకు బయటికి తీసి ఒక్కోదాన్నీ నాలుగు ప్రశ్నలు అడగాలి. కొనేవాళ్లు దీన్ని ఎంచుకుంటారా, దీని నిల్వ విడిగా తగ్గుతుందా, దాదాపు ఇదే ధరకు మళ్లీ ఇదే ఇవ్వగలమా? మూడింటికీ అవునంటే అది వేరియేషన్. ఎంచుకోనక్కర్లేదు, తెలిస్తే చాలు అంటే అది వివరాల పట్టికలో అట్రిబ్యూట్. లోకంలో అలాంటిది ఇదొక్కటే అంటే అది విడి సరుకు. నాలుగో ప్రశ్న, ఇది సరుకా, సరుకు మీద మనం చేసే పనా? పని అయితే అదనపు సేవ. ఈ జవాబులు కాగితం మీద రాసుకున్నాక సైటులో టిక్కులు పెట్టడం ఒక పూట పని. రాసుకోకుండా మొదలుపెడితే, అమ్మిన ప్రతి చీరకూ ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకోవాలి.